ఎస్‌వీసీ వాపు: ముక్క పరీక్ష ముందా, కరెంటు ముందా?

పలమనేరు అబ్బాయి:
మా నాయనకి 61. నెలగా పొద్దున లేస్తే మొహం ఉబ్బి ఉంటాది. చొక్కా మెడ గుండీ పట్టడం లేదు. దేవుడి ముందు వంగి దండం పెట్టుకున్నాడంటే మొహం కమిలిపోతాది. స్కానింగులో ఊపిరితిత్తుల మధ్య గడ్డ కనబడింది, తల నుంచి, చేతుల నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను (ఎస్‌వీసీ అంటారంట) అది నొక్కుతోందంట. తిరుపతిలో డాక్టరు ముందు సూదితో ముక్క తీయాలంటున్నారు. మా చిన్నాయనేమో ముక్క తీస్తే పాకుతాది, నేరుగా కరెంటు (రేడియేషన్) పెట్టించండని పట్టుబట్టినాడు. ఏం చేయాల?

తిరుచానూరు వాసి:
పాకేది వదిలెయ్ తమ్ముడూ, ఆలస్యం మాటేంది? మా బావకి రిపోర్టు కోసం వారం ఆపినారు. నాలుగో రాత్రి ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో ఈల. ఆ రాత్రి మేం పడింది పగవాళ్లకీ వద్దు. నేను మీ చిన్నాయన పక్షమే.

రేణిగుంట అక్క:
క్యాన్సర్ వార్డులో 12 ఏళ్లు నర్సుగా చేసినా. అన్నా, ఆ ఈల శబ్దం, మత్తుగా తూగడం ఉంటే ఎవరూ రిపోర్టు కోసం ఆగకూడదు. కానీ అప్పుడు కావాల్సింది ఊపిరి దారి కాపాడటం, నొక్కుకుపోయిన సిరను తెరిచి పట్టే జల్లెడ గొట్టం, అదే స్టెంట్. స్టెంట్ పెడితే ఒకటి రెండు రోజుల్లో మొహం దిగుతుంది, ముక్క తర్వాతైనా తీయచ్చు. కరెంటుకి అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది. తొందరుంటే కరెంటే అనడం సరికాదు.

తమ్ముడూ, మీ నాయనకి ఆ లక్షణాలు లేవు, కాబట్టి ముందు గడ్డ ఏ రకమో తేల్చాలి. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), స్మాల్ సెల్ (ఊపిరితిత్తుల్లో వచ్చే ఒక రకం) క్యాన్సర్ అయితే కీమోకే బాగా కరుగుతాయి. లింఫోమాకి ముందే స్టెరాయిడ్ పడితే, తర్వాత తీసిన ముక్కలో రోగం తేలకుండా పోవచ్చు. అసలు క్యాన్సరే కాకపోవచ్చు, టీబీ గడ్డలూ నొక్కుతాయి. 1757లో విలియం హంటర్ అనే డాక్టరు ఈ జబ్బు గురించి మొదట రాసినప్పుడు సిరను నొక్కింది సిఫిలిస్ అనే సుఖరోగంతో ఉబ్బిన బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం)! సూది దారిలో పాకడం చాలా అరుదు. ఆ భయంతో పరీక్ష మానేసి, గడ్డ ముదిరాక వచ్చినవాళ్లని చూసి ఏడ్చినా నేను.

ఇంకొకటి, సెలైన్ చేతికొద్దు, కాలికి పెట్టమను. చేతికెక్కించింది పోవాల్సింది ఆ ఇరుకు దారిలోంచే.

తిరుచానూరు వాసి:
స్టెంట్ మాట మాకెవరూ చెప్పలేదక్కా. అయినా రిపోర్టుకి వారమంటే నేనొప్పుకోను. తమ్ముడూ, ఎన్నిరోజులో గట్టిగా అడుగు.

పలమనేరు అబ్బాయి:
అడిగినా అన్నా, మూడు రోజులన్నారు. మధ్యలో ఆయాసం పెరిగితే స్టెంటేనంట. రేపు పొద్దున సంతకం పెడతా. మూడు దిండ్లు ఎత్తేసి ఒరగబెట్టినాం, ఇప్పుడే కునుకు పట్టింది నాయనకి. చిన్నాయన ఇంకా నాతో మాట్లాడటం లేదు.