మొదటి బండి సెకండ్ హ్యాండ్‌లో: ఏం చూడాలి?

ప్రశ్న: కొత్తగా లైసెన్స్ వచ్చింది. సెకండ్ హ్యాండ్ బైక్ కొనేముందు స్టార్ట్ చేసి ఒక రౌండ్ కొడితే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండీ. ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచితే స్టార్టింగ్ లోపం బయటపడదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టే: ఇంజిన్‌లో మంట మండే చోటికి ఆయిల్ రాకుండా ఆపే పిస్టన్ రింగులు గానీ, వాల్వ్ సీళ్లు గానీ పోయుంటాయి.

జవాబు 2: ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో పట్టేసినట్టుంటే స్టీరింగ్ బేరింగులు అరిగాయి. టైరు మీద తేదీ నాలుగంకెలూ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు లోతుగా ఉన్నా, రబ్బరు గట్టిపడితే తడిరోడ్డు మీద జారుతుంది.

ప్రశ్న: చైన్?

జవాబు 2: వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) చివర చైన్‌ని పట్టి లాగండి. పంటి సగం బయటపడిందా, చైన్‌తో పాటు రెండు స్ప్రాకెట్లూ మార్చాల్సిందే. ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.