అనోడైజింగ్ బాత్‌లో కరిగిన అల్యూమినియం: ఉదయం ఒక విలువ, సాయంత్రం మరొకటి

ప్రశ్న:
అల్యూమినియం ముక్కలపై విద్యుత్తుతో ఆక్సైడ్ పొర పెంచే మా సల్ఫ్యూరిక్ ఆమ్లపు అనోడైజింగ్ ట్యాంకులో కరిగిన అల్యూమినియాన్ని రోజుకు రెండు పూటలా టైట్రేషన్‌తో (తెలిసిన గాఢత గల ద్రావణం ఎంత పడుతుందో కొలిచే పద్ధతితో) చూస్తాము. 5 మి.లీ. నమూనాను పొటాషియం ఫ్లోరైడ్ కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి, 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో ఫినాల్ఫ్థలీన్ (క్షారంలో రంగు చూపే సూచిక) గులాబీ రంగుకు తిరిగేవరకు టైట్రేట్ చేసి, రెండు రీడింగుల తేడాను 1.8తో గుణిస్తాము. నిన్న ఉదయం లీటరుకు 8.1 గ్రాములు, సాయంత్రం 12.2 గ్రాములు వచ్చాయి. ఒక్క షిఫ్టులో అంత లోహం కరగదు. పొరపాటు ఎక్కడ ఉండవచ్చు?

సమాధానం 1:
మీ లెక్క సరైనదే. ఫ్లోరైడ్ లేనప్పుడు క్షారం స్వేచ్ఛా ఆమ్లానికే (అల్యూమినియంతో కలవకుండా మిగిలిన ఆమ్లానికే) కాక అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారడానికి కూడా ఖర్చవుతుంది; ఫ్లోరైడ్ ఉంటే అది అల్యూమినియాన్ని పట్టి ఉంచుతుంది కనుక స్వేచ్ఛా ఆమ్లం ఒక్కటే లెక్కకు వస్తుంది. నా అనుమానమంతా ఆ ఫ్లోరైడ్ ద్రావణం మీదే. దానిలో ఒక చుక్క ఫినాల్ఫ్థలీన్ వేసి చూడండి. గులాబీ రంగు వస్తే అందులో క్షారం ఉన్నట్లే. అది నమూనాలోని ఆమ్లాన్ని కొంత ముందుగానే తినేస్తుంది కాబట్టి స్వేచ్ఛా ఆమ్లం తక్కువగానూ అల్యూమినియం ఎక్కువగానూ కనిపిస్తాయి. పలుచని ఆమ్లంతో రంగు సరిగ్గా పోయేవరకు తటస్థపరచి వాడండి. ఆమ్లంలో ఫ్లోరైడ్ కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ప్లాస్టిక్ బీకరు, చేతి తొడుగులు, ఫ్యూమ్ హుడ్ లేకుండా దయచేసి ఈ పని చేయకండి.

సమాధానం 2:
ఫ్లోరైడ్ లేని టైట్రేషన్‌ను కూడా గమనించండి. తెల్లని జిగురు అవక్షేపం మధ్య గులాబీ రంగు వచ్చినట్లే వచ్చి, బీకరు తిప్పుతుండగానే వెలిసిపోతుంది. అది అర నిమిషం నిలిచేదాకా చుక్క చుక్కగా పోయాలి. సరిచూసుకోవడానికి, కొలిచిన ఆమ్లంలో 0.88 గ్రాముల తాజా పొటాష్ పటిక స్ఫటికాలను కరిగించి రెండు టైట్రేషన్లూ చేయండి. అందులో 50 మి.గ్రా. అల్యూమినియం ఉంటుంది కనుక తేడా 5.56 మి.లీ. దగ్గర రావాలి.

ప్రశ్న అడిగినవారు:
ఫ్లోరైడ్ ద్రావణం వెంటనే గులాబీ రంగుకు తిరిగింది. పైగా దానిని ఉదయం 10 మి.లీ., సాయంత్రం 25 మి.లీ. పోస్తున్నారని విచారిస్తే తెలిసింది. తటస్థపరచి, రెండు పూటలా 10 మి.లీ. చొప్పున పోస్తే 5.4, 5.5 గ్రాములు వచ్చాయి. అయితే సాయంత్రపు రీడింగులో స్వేచ్ఛా ఆమ్లం లీటరుకు దాదాపు 37 గ్రాములు తక్కువగా కనిపించడం వల్ల, ఇన్నాళ్లూ అవసరం లేకుండా ఆమ్లం పోస్తూ వచ్చామన్నది నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

సమాధానం 1:
కంగారుపడి బాత్‌ను ఒక్కసారిగా పలచన చేయకండి, అల్యూమినియం కూడా తగ్గిపోతుంది. ఆమ్లం కలపడం ఆపి, పనిముక్కలకు అంటుకుని బయటికి పోయే ద్రావణానికి బదులు నీళ్లు మాత్రమే నింపుతూ, రోజూ స్వేచ్ఛా ఆమ్లాన్ని కొలవండి.