విడాకుల కేసు ఇంకా తేలలేదు, ఈలోగా నాకేమైనా అయితే నా ఆస్తి ఎవరికి పోతుంది?

వాయిదాల_మధ్య:
కేసు నేనే వేశాను, ఆయన ఒప్పుకోవడం లేదు, ఫ్యామిలీ కోర్టులో వాయిదాల మీద వాయిదాలు. పాపకి తొమ్మిదేళ్ళు, నా దగ్గరే ఉంటోంది, అమ్మ కూడా మాతోనే. నామినేషన్లు ఒకసారి సరిచూసుకోమని హెచ్‌ఆర్ వాళ్ళు అందరికీ మెయిల్ పెడితే పోర్టల్ తెరిచాను. పీఎఫ్‌లో నామినీ ఆయనే, సంబంధం భర్త, వాటా 100 శాతం. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లోనూ ఆయనే, నేను విడిగా కట్టుకుంటున్న టర్మ్ పాలసీలోనూ ఆయనే. పెళ్ళయిన కొత్తలో నింపిన ఫారాలు, మళ్ళీ ఎవరు చూస్తారు.

విడిగా ఉంటున్నాం, కేసు కోర్టులో ఉంది, ఇక ఆయనకి హక్కేముంటుంది అంటోంది మా పిన్ని. నిజమేనా? నా జీతంతో కొన్న ఫ్లాటు ఒకటి నా పేరు మీదే ఉంది, ఇద్దరి పేరా ఉన్న ఇల్లు ఇంకా లోన్‌లో ఉంది. నాకేదైనా అయితే నావి పాపకి, అమ్మకి వెళ్ళాలి. విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చాక అన్నీ ఒకేసారి మార్చుకుంటే సరిపోతుందా? మా లాయర్ గారేమో "ముందు కేసు సంగతి చూద్దామమ్మా" అంటున్నారు.

నల్లకోటు:
మీ పిన్నిగారు చెప్పింది తప్పండి. డిక్రీ వచ్చేదాకా చట్టం దృష్టిలో ఆయన మీ భర్తే, ఎన్నేళ్ళు విడిగా ఉన్నా అంతే, కోర్టు జ్యుడీషియల్ సెపరేషన్ (పెళ్ళి రద్దు చేయకుండా విడిగా ఉండనిచ్చే ఉత్తర్వు) ఇచ్చినా అంతే. కేసు నడుస్తుండగా ఇద్దరిలో ఒకరు పోతే విడాకుల కేసు అక్కడితో ముగిసిపోతుంది, మిగిలినవాళ్ళు భార్యగానో భర్తగానో వారసులవుతారు.

మీరు హిందువులనుకుని చెబుతున్నాను. వీలునామా లేకుండా స్త్రీ చనిపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 15 చూడాలి. మొదటి వరసలో కొడుకులు, కూతుళ్ళు, భర్త. అంటే మీ జీతంతో కొన్న ఫ్లాటులో సగం పాపకి, సగం ఆయనకి, మీ అమ్మగారికి ఏమీ రాదు. ఇది చెబితే చాలామంది నమ్మరు. అసలు పిల్లలూ భర్తా లేకపోయినా స్త్రీ స్వార్జితం ముందు భర్త వారసులకి వెళుతుంది, కన్నవాళ్ళ వంతు ఆ తర్వాతే (పిల్లలు లేనప్పుడు పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మాత్రం లెక్క వేరు). అదే మగవాడు పోతే తల్లి కూడా భార్యాపిల్లలతో సమానంగా మొదటి వరసలోనే ఉంటుంది. ఇదేం న్యాయం అంటే నా దగ్గరా జవాబు లేదు.

కాబట్టి డిక్రీ కోసం ఆగకండి, వీలునామా ఈ వారమే రాయండి. తెల్ల కాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, కానీ మీ పరిస్థితిలో చేయించండి, రేపు అవతలివైపు వాళ్ళు ముందు అనేమాట "ఆ సంతకం ఆవిడది కాదు" అనే. ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్ళు మీ ఎదుటే సంతకం పెట్టాలి. మీకంటే చిన్నవాళ్ళు, మీ ఆస్తితో సంబంధం లేనివాళ్ళు అయితే మేలు, వాటా రాస్తున్నారు కాబట్టి అమ్మగారిని సాక్షిగా పెట్టొద్దు. భర్తకి ఎందుకు రాయడం లేదో ఒక్క వాక్యం ఉండాలి, కేసు నంబరు వేస్తే ఇంకా మంచిది, తిట్లు వద్దు. ఆయనకి ఇస్తూ పాత వీలునామా ఏదైనా ఉంటే కొత్తదాంట్లో రద్దు చేస్తున్నానని రాయండి, విడాకులు వచ్చినంత మాత్రాన అది దానంతటది చెల్లకుండా పోదు.

జీతాల_సెక్షన్:
పేరోల్‌లో పనిచేస్తాను, పీఎఫ్ సంగతి నేను చెబుతా. వీలునామా రాశారని నామినేషన్లు మారిపోవు, ఎక్కడిదక్కడ విడిగా మార్చుకోవాల్సిందే. పీఎఫ్‌లో కుటుంబం ఉన్న సభ్యులు కుటుంబంలోవాళ్ళనే నామినీగా పెట్టాలి, అన్నయ్య పేరో ఫ్రెండ్ పేరో పెడితే చెల్లదు. మీరు పాప పేరు పెట్టొచ్చు, అమ్మగారు మీ మీద ఆధారపడి ఉన్నారు కాబట్టి ఆవిడకీ వాటా రాయొచ్చు. దీనికి ఆయన సంతకం అవసరం లేదు, ఈ-నామినేషన్‌లో ఆధార్ ఓటీపీతో అయిపోతుంది. ఆధార్‌కి లింకయిన ఫోన్ నంబరు ఎవరిదో ముందు చూసుకోండి, ఇంట్లో అందరి కార్డులకీ భర్త నంబరే ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఓటీపీ నేరుగా ఆయన ఫోన్‌కే పోతుంది.

ఇంకోటి, ఇది చాలా హెచ్‌ఆర్‌లకే తెలియదు. 1952 పీఎఫ్ స్కీములో మహిళా సభ్యురాలు భర్తని తన కుటుంబం నుంచి మినహాయించమని పీఎఫ్ కమిషనర్‌కి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వొచ్చు. ఇచ్చాక ఆయనగానీ ఆయన తల్లిదండ్రులుగానీ కుటుంబం లెక్కలోకి రారు, డిక్రీతో పనిలేదు. మగవాళ్ళకి ఇంత సులువు కాదు, భార్యకి మనోవర్తి హక్కు పోయిందని చూపించాలి. నోటీసు కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. ఉద్యోగంలో ఉండగా పోతే వచ్చే ఈడీఎల్‌ఐ (పీఎఫ్‌తో కలిసి ఉండే ఇన్సూరెన్స్) డబ్బు, 7 లక్షల దాకా, అది కూడా పీఎఫ్ నామినేషన్ ప్రకారమే పోతుంది. గ్రాట్యుటీకి, గ్రూప్ ఇన్సూరెన్స్‌కి వేరే ఫారాలు.

ప్రీమియం_గుర్తుందా:
పాలసీ మాట. బ్యాంకు డిపాజిట్లలో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, సొంతదారు కాదు, చివరికి అది వారసులకే చేరాలి. ఇన్సూరెన్స్‌లో కూడా 1984లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. కానీ 2015లో ఇన్సూరెన్స్ చట్టంలోని సెక్షన్ 39 మార్చారు, భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే ఆ డబ్బు వాళ్ళదే అని. దాని మీద కోర్టుల్లో వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, మీ పాప పెద్దయ్యాక ఆ వాదనలో ఇరుక్కోవడం దేనికి, ఇవాళే మార్పు ఫారం ఇచ్చేయండి. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మార్పు నమోదు చేసినట్టు కాగితం వచ్చేదాకా వదలొద్దు.

రెండోవైపు కూడా ఆలోచించండి. రేపు నెలనెలా పాప ఖర్చులకి ఇస్తానని ఆయన ఒప్పుకున్నా, ఆయనకి ఏమైనా అయితే ఆ నెల నుంచి ఆగిపోతుంది. రాజీకి వస్తే ఆయన ప్రాణం మీద, పాప లబ్ధిదారుగా, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద టర్మ్ పాలసీ తీయాలని షరతు రాయించండి, డిక్రీకి ముందే తీస్తే చిక్కుండదు. ఆ చట్టం కింద తీసిన పాలసీ ట్రస్టు లాంటిది, అప్పులవాళ్ళు తాకలేరు, తర్వాత ఆయన మనసు మారినా పేరు మార్చలేరు.

రెండువైపులా:
నేను అవతలి పక్షంలో కూర్చుని కేసు నడిపినవాణ్ణి, ఒక మాట. నామినీ మార్చుకోండి, వీలునామా రాసుకోండి, ఎవరూ తప్పుపట్టరు. కానీ ఇదే ఊపులో ఫ్లాటు అమ్మగారి పేరు మీదకి గిఫ్ట్ డీడ్ చేయకండి. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన రజనేష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత మనోవర్తి అడిగితే ఇద్దరూ ఆస్తులు అప్పులు అన్నీ అఫిడవిట్‌లో పెట్టాలి, కేసు మధ్యలో జరిగిన బదిలీ జడ్జిగారి కళ్ళకి ఎలా కనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

జాయింట్ అకౌంట్ "ఎవరైనా ఒకరు" పద్ధతిలో ఉంటే ఇద్దరి సంతకాలు లేకుండా డబ్బు ఇవ్వొద్దని మీ ఒక్కరి లెటర్‌తో బ్యాంకుని కోరొచ్చు. ఇద్దరి డబ్బూ ఆగుతుందని తెలిసే ఇవ్వండి.

వాయిదాల_మధ్య:
అందరికీ థాంక్సండీ, పీఎఫ్ నోటీసు సంగతి అస్సలు తెలియదు. ఇప్పుడు అసలు టెన్షన్. పాప మైనర్ కదా, నామినీ తనే అయినా, వీలునామా తన పేరే రాసినా, నేను లేకపోతే తండ్రి అని ఆయనే వచ్చి సంతకం పెట్టి డబ్బు తీసుకోడా?

నల్లకోటు:
ఇదే అడుగుతారేమో అని చూస్తున్నా. మీ భయం నిజమే. మీరు లేకపోతే తండ్రే సహజ గార్డియన్. పాప పేరున ఉన్న ఇంటిని కోర్టు అనుమతి లేకుండా ఆయన అమ్మలేరు, కానీ బ్యాంకులో పడ్డ నగదుకి ఆ కాపలా లేదు. వీలునామాలో అమ్మమ్మని గార్డియన్‌గా రాస్తే చాలనుకోవద్దు, తండ్రి బతికుండగా అది నిలవడం కష్టం, పాప ఎవరి దగ్గర పెరగాలన్నది పాప క్షేమం చూసి కోర్టే తేలుస్తుంది.

డబ్బు దగ్గర మాత్రం మీ మాట చెల్లేలా చేసుకోవచ్చు. ఆస్తిని నేరుగా పాపకి రాయకుండా వీలునామాలోనే ఒక ట్రస్టు పెట్టండి, మీరు నమ్మే ఇద్దరిని ట్రస్టీలుగా వేయండి, అమ్మగారి వయసు చూసుకుని ఆవిడ ఒక్కరినే వేయకండి. ఫీజులకి, వైద్యానికి అందులోంచి కట్టాలి, అసలు మొత్తం పాపకి 25 వచ్చాకే చేతికివ్వాలి అని స్పష్టంగా రాయండి, ఎగ్జిక్యూటర్ (వీలునామాని అమలు చేసే మనిషి) పేరూ రాయండి. టర్మ్ పాలసీలో పాప నామినీ అయితే అపాయింటీ (పాప మైనర్‌గా ఉండగా తన తరఫున డబ్బు అందుకునే మనిషి) అని ఒక గడి ఉంటుంది, ఖాళీగా వదలకండి. పీఎఫ్‌లోనూ మైనర్ నామినీ పక్కన గార్డియన్ పేరు అడుగుతుంది.

ఇద్దరి పేరా ఉన్న ఇంట్లో మీ వాటా వరకు వీలునామాలో రాయొచ్చు, లోన్ మాత్రం డిక్రీలో ఎవరు కట్టాలని రాసుకున్నా బ్యాంకు ఇద్దరినీ అడుగుతుంది. ఆ లోన్‌కి ఇన్సూరెన్స్ ఉందా, ఉంటే ఎవరి ప్రాణం మీద ఉంది, ఈఎంఐ ఇప్పుడు ఎవరి ఖాతాలోంచి పోతోంది, ఈ మూడూ చెప్పండి, దాని సంగతి విడిగా రాస్తాను.