వారంటీ అయిపోయిన 48వ రోజు కన్వర్టిబుల్ ల్యాప్‌టాప్ పోయింది. బోర్డు మార్చాలా, రిపేరా, కేసా?

లెక్కల మేడమ్, ఖమ్మం

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. పొద్దున కాలేజీ, సాయంత్రం 6 నుంచి 9 దాకా ఇంట్లో ఆన్‌లైన్ ట్యూషన్. ఇరవయ్యేళ్లు సుద్దముక్కతో రాసిన చెయ్యి, మౌసు పట్టుకుని ఇంటిగ్రల్ గుర్తు గీయమంటే గీయదు. అందుకే 2024 జూన్ 14న, స్క్రీను పూర్తిగా వెనక్కి తిరిగి పలకలా అయ్యే ల్యాప్‌టాప్ కొన్నాను. 14 అంగుళాల టచ్ స్క్రీను, పదమూడో తరం ఐ5 యూ సిరీస్ ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డి. పెన్నుతో కలిపి 84,500 అయింది. ఆ డబ్బుకి స్కూటీ వచ్చేది కదా అని మా ఆయన ఇప్పటికీ అంటుంటారు.

రెండో నెల నుంచే వేడి మొదలు. గాలి బయటికొచ్చే సందులు స్క్రీను మడత దగ్గరే ఉన్నాయి. పలకలా తిప్పితే అవి సగం మూసుకుపోతాయి, ఇక ఒళ్లో పెట్టుకుంటే అడుగున గాలి పీల్చుకునే చిల్లులూ మూతపడతాయి. మధ్యలో దిండు పెట్టుకుంటే ఇంకా ఘోరం. జూమ్, కెమెరా, నోట్సు మూడూ నడుస్తుంటే అరగంటకి ఫ్యాను పిండిమరలా అందుకుంటుంది. గీసిన గీత పెన్ను వెనకాల నింపాదిగా వస్తుంది. "మేడమ్, మీ ఎక్స్ స్క్వేర్‌లో స్క్వేర్ ఇంకా దార్లో ఉంది" అని పిల్లలు నవ్వేవాళ్లు.

2024 అక్టోబరులో కంపెనీ సర్వీస్ సెంటరులో ఇచ్చాను. రెండు రోజులు ఉంచుకుని, అప్‌డేట్ చేశాం, వేడి పరిమితిలోనే ఉంది, లోపం లేదు అని కాగితం చేతిలో పెట్టారు. 2025 మార్చిలో మళ్లీ వెళ్తే "ఎండాకాలం కదా మేడమ్" అన్నారు. ఖమ్మంలో అమ్మేటప్పుడు ఖమ్మంలో ఎండలుంటాయని తెలియదా?

జూన్ 13తో వారంటీ అయిపోయింది. జూలై 31, గురువారం. పరావలయం గీసి నాభి దగ్గర చుక్క పెట్టాను, టప్పున స్క్రీను నల్లబడింది. పొగ లేదు కానీ ఇస్త్రీపెట్టె ఆపడం మర్చిపోతే వచ్చే వాసన వచ్చింది. అప్పటినుంచి చార్జరు పిన్ను గుచ్చగానే చార్జరు మీద లైటు ఆరిపోతోంది. పీకేస్తే మళ్లీ వెలుగుతోంది.

సర్వీస్ సెంటరు మాట: బోర్డు మొత్తం మార్చాలి, ప్రాసెసరూ ర్యామూ దానికే అతికి ఉంటాయి. 47,200, పైన 18 శాతం జీఎస్టీ, వెరసి 55,696. 48 రోజులే కదా బాబూ దాటింది అంటే "సిస్టం తీసుకోదు మేడమ్" అన్నాడా పిల్లవాడు. వాడి తప్పేముంది. కొత్త బోర్డుకి వారంటీ మాత్రం 90 రోజులట.

ఇంత పోయడం దండగ అనిపిస్తోంది. బయట బాగు చేయించవచ్చా? నా చేతిరాత నోట్సు ఏడాది మొత్తానిది అందులోనే ఉంది, అది దక్కుతుందా? కంపెనీని అడగడానికి నాకు హక్కేమైనా మిగిలిందా?

పార్క్‌లేన్ బెంచి

మేడమ్, చార్జరు లైటు ఆరిపోతుందన్నారు చూడండి, నాకు అదొక్క ముక్క చాలు. లోపల మెయిన్ లైను షార్ట్ అయింది. షార్ట్ ఉన్నచోట చార్జరు తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. ప్రాసెసరే పోయుంటే ఎక్కువసార్లు లైటు వెలుగుతూనే ఉంటుంది, స్క్రీను మాత్రం రాదు. ఆ లైను మీద ఆవగింజంత కెపాసిటర్లు చాలా ఉంటాయి, వాటిలో ఒకటి లోపల పగిలినా బోర్డంతా చచ్చినట్టే పడి ఉంటుంది. మాస్‌ఫెట్ (కరెంటుకి స్విచ్చులా పనిచేసే ముక్క) కూడా కావచ్చు. మీటరు పెట్టకుండా ఇంతకుమించి చెప్తే అబద్ధం అవుతుంది.

కంపెనీవాళ్లు చిప్ లెవల్ పని చేయరు, బోర్డు తీసి బోర్డు వేస్తారు. వాళ్ల పద్ధతి అంతే.

దయచేసి చార్జరు మళ్లీ మళ్లీ గుచ్చి చూడకండి. ఇప్పుడు రూపాయి ముక్క పోయింది, మీరు గుచ్చినకొద్దీ పక్కవి పోతాయి.

సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ల బజారు) దాకా రానక్కర్లేదు, ఖమ్మంలోనూ చేసేవాళ్లు ఉంటారు. కాకపోతే మీ ముందే విప్పమనండి, షార్ట్ ఎక్కడుందో మీటరుతో చూపించమనండి. బాగుకాకపోతే ఎంత తీసుకుంటాడో ముందే తేల్చుకోండి. హీట్ గన్‌తో ప్రాసెసరు కాలుస్తాం, లేస్తుంది అని ఎవరైనా అంటే బ్యాగు సర్దుకుని వచ్చేయండి. లేస్తుంది నిజమే, మళ్లీ పడిపోయేదాకా.

నోట్సు గురించి: ఎస్‌ఎస్‌డి మీ మోడళ్లలో చాలావరకు విడి కార్డు, ఒక్క స్క్రూ. తీసి యూఎస్‌బీ డబ్బాలో పెడితే ఇంకో కంప్యూటరులో తెరుచుకుంటుంది. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ఇప్పుడే చూసుకోండి.

ముక్కుసూటి

అక్కా, ఏమీ అనుకోవద్దు. రాయడానికి ట్యాబ్ ఒకటి, పనికి మామూలు ల్యాప్‌టాప్ ఒకటి కొనుంటే ఇదే డబ్బుకి రెండూ వచ్చేవి, ఒకటి పోయినా ఇంకోటి ఉండేది. రెండు పడవల మీద కాళ్లు పెట్టే సరుకు ఇది.

లెక్కల మేడమ్, ఖమ్మం

తమ్ముడూ, నీ లెక్క కరెక్టే. 2024 జూన్‌లో చెప్పుంటే ఇంకా కరెక్టయ్యేది.

పార్క్‌లేన్ బెంచి గారూ, మీ పోస్టు చూసి చార్జరు తీసి బీరువాలో పెట్టేశాను. రికవరీ కీ కోసం వెతికితే ఇంకో కథ బయటపడింది. కొన్నరోజు షాపులో అబ్బాయి "మెయిల్ ఐడీ చెప్పండి మేడమ్" అంటే నాది గుర్తురాక మా వాడిది చెప్పాను. వాడు బెంగళూరులో. మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తి, "అమ్మా, మీటింగులో ఉన్నా" అని పెట్టేశాడు. రాత్రి పదకొండింటికి 48 అంకెలూ పంపాడు. ఫోనులో ఉంటే ఫోను కూడా పోతుందేమోనని డైరీలో రాసుకున్నాను, రెండుసార్లు సరిచూసి.

నెల్లూరు టు ఆస్టిన్

టీచర్ గారూ, మీరు దాన్ని కాలేజీకి మూత వేసి బ్యాగులో తీసుకెళ్లేవారా? ఎందుకంటే ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలా వాటిలో పాత పద్ధతి నిద్ర లేదు. మోడర్న్ స్టాండ్‌బై అని, ఫోనులాగా సగం మెలకువతో ఉంటాయి. బ్యాగులో ఉండగా ఏదో అప్‌డేట్ లేస్తే గాలాడక ఉడికిపోతాయి. నాది ఒకసారి ఆఫీసుకెళ్లి తీస్తే అప్పడం కాల్చుకునేంత వేడిగా ఉంది. అప్పటినుంచి ప్రయాణమంటే హైబర్నేట్ (తెరిచినవి దాచుకుని పూర్తిగా ఆగిపోవడం), లేదా షట్‌డౌనే.

ఇంకోటి. మీ ప్రాసెసరు ప్రాథమిక లెక్క 15 వాట్లు, కానీ కొద్దిసేపు 55 వాట్ల దాకా లాగగలదు. బలపమంత మందంలో ఉన్న డబ్బాలో ఆ వేడి పోయేదెటు? బాగయ్యాక పవర్ ఆప్షన్లలో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99కి దించండి. ఒక్క శాతమే అనుకుంటారు గానీ దాంతో టర్బో, అంటే ప్రాసెసరు మామూలుకన్నా వేగం పెంచుకోవడం, ఆగిపోతుంది. పెన్నుతో రాసుకోడానికి టర్బో అక్కర్లేదు. కొన్నిట్లో ఆ వరస కనపడదు, అప్పుడు కంపెనీ యాప్‌లో నిశ్శబ్దం మోడ్ పెట్టుకోండి.

గుంటూరు ప్లీడరు

అమ్మా, మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

వారంటీ అయిపోతే హక్కు మొత్తం పోదు. 2024 అక్టోబరులో ఇచ్చిన జాబ్‌షీట్, అదే ఆ సర్వీస్ కాగితం, మీ దగ్గరుందా? అదే మీ బలం. వారంటీలో ఉండగానే వేడి అని చెప్పుకున్నారు, వాళ్లు లోపం లేదన్నారు, అదే యంత్రం తర్వాత ఆగిపోయింది. అప్పటినుంచీ ఉన్న లోపాన్ని సరిచేయలేదన్నది మీ వాదన.

ముందు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, ఖర్చు లేదు. లాభం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే ఖమ్మంలోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. కొన్న వెల 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే దాఖలు చేయవచ్చు. ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు గడువు. ట్యూషన్లు చెబుతారు కనుక వ్యాపారానికి కొన్నారని అవతలివాళ్లు మెలిక పెట్టవచ్చు. సొంత జీవనోపాధికి వాడుకునేవాళ్లు వినియోగదారులేనని చట్టంలోనే ఉంది, కంగారుపడకండి.

అసలు చిక్కు వేరే. లోపం తేల్చడానికి కమిషన్ వస్తువును ల్యాబుకి పంపమనవచ్చు. మీరు బయట విప్పించారంటే "మావాళ్లు కాని వాళ్లు ముట్టుకున్నారు" అని తప్పుకుంటారు. కేసూ కావాలి, రిపేరూ కావాలి అంటే కుదరడం కష్టం. మీరే తేల్చుకోవాలి.

లెక్కల మేడమ్, ఖమ్మం (ఆగస్టు 24)

మూడు వారాలు తేల్చుకోలేకపోయాను. 1915కి ఫిర్యాదు ఇచ్చాక కంపెనీ నుంచి ఫోనొచ్చింది, బోర్డు మీద 20 శాతం తగ్గిస్తామన్నారు. అప్పటికీ 44,000 పైనే. మర్యాదగా వద్దన్నాను. ఇక్కడ పిల్లలకి ఫోను కెమెరా కింద కాగితం పెట్టి క్లాసు చెబుతున్నాను, నా చేతి నీడలో సగం లెక్క కనపడట్లేదు. కేసు తేలేదాకా ఇది బీరువాలో పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. నిన్న శనివారం శాతవాహన రైలెక్కి పార్క్‌లేన్ బెంచి తమ్ముడి దగ్గరికే వెళ్లాను.

విప్పగానే నాకే సిగ్గేసింది. ఫ్యానుకీ రాగి రేకులకీ మధ్య బూడిదరంగు దూది, పట్టకారుతో లాగితే దుప్పటి అంచులా పొడుగ్గా వచ్చింది. చేత్తో నలిపితే పొడి రాలింది. సుద్దపొడి! కాలేజీలో బోర్డు కిందున్న బల్ల మీదే కదా పెట్టేదాన్ని. అయితే అక్టోబరులో రెండు రోజులు ఉంచుకున్నవాళ్లు వెనక మూత విప్పితే వాళ్లకూ అప్పటిది ఎంతోకొంత కనపడేదే.

తర్వాత జరిగింది నా పిల్లలకు చూపించాల్సింది. బోర్డు మీద ఒక వోల్టు మాత్రమే ఇచ్చి, పైన స్పిరిట్ చల్లాడు. బోర్డంతా తడిగా మెరుస్తోంది. నేను లోపల మూడు లెక్కపెట్టేలోపు చార్జింగ్ పిన్ను వెనకాల ఒకేచోట, నువ్వుగింజంత మేర, తడి ఆరిపోయింది. కరెంటంతా అక్కడే కారుతోంది కాబట్టి అక్కడే వేడి. ఆ కెపాసిటర్ పీకాడు, మీటరు కూత ఆగింది. చార్జరు పెడితే లైటు నిలబడింది. కొత్తది వేసి, ఫ్యాను కడిగి, ప్రాసెసరు మీద వేడి లాగడానికి రాసే పేస్టు సున్నంలా ఎండిపోతే ఆ పాతది గీకి కొత్తది రాసి, 3,800 తీసుకున్నాడు. నోట్సు ఉన్నది ఉన్నట్టుంది, 48 అంకెలు అవసరం పడలేదు.

వేడి వల్లే కెపాసిటర్ పోయిందని రాసిస్తావా అని అడిగాను. "అనుకుంటా మేడమ్, కానీ రాసివ్వలేను, చిన్న కెపాసిటర్ చల్లగా ఉన్నా పోతుంది" అన్నాడు. ఇందుకే ఇతని దగ్గరికి మళ్లీ వెళ్లొచ్చు అనిపించింది. ప్లీడరు గారూ, కేసు వదిలేశాను, మీరు తిట్టినా పడతాను.

99 చేశాక, మునుపు క్లాసులో 97 డిగ్రీలు చూపించేది 78 దాటట్లేదు. ఒళ్లో పెట్టడం మానేశాను. బల్ల మీద వెనకవైపు కింద రెండు డస్టర్లు, గాలి తగిలేలా. వాటి సుద్ద దులిపాకే లెండి.

కొత్తగా కొన్నవాడు, కాకినాడ

మేడమ్, మీ పోస్టు చదువుతుంటే నా మోడలే అనిపిస్తోంది. నాదీ మూడో నెల నుంచి వేడి. వారంటీ ఇంకా రెండు నెలలుంది. సర్వీస్ సెంటరుకి వెళ్తే ఏం చెప్పమంటారు?

లెక్కల మేడమ్, ఖమ్మం

బాబూ, వెళ్లేముందు క్లాసులో ఉన్నట్టు అన్నీ తెరిచి, పెన్ను గీత ఆలస్యంగా రావడం, డిగ్రీల అంకె రెండూ కనపడేలా ఇంకో ఫోనుతో వీడియో తియ్యి. జాబ్‌షీట్‌లో "కస్టమర్ చెప్పిన సమస్య" అని గడి ఉంటుంది. వాళ్లు "స్లో" అని ఒక్క ముక్క రాస్తారు. అరగంట వాడితే 97 డిగ్రీలు, రాత ఆగుతోంది అని నీ మాటల్లో రాయించు. వెనక మూత విప్పి ఫ్యాను చూశారా లేదా అనేది కూడా రాయమను. లోపం లేదని ఇస్తే, సంతకం పక్కనే "ఒప్పుకోవడం లేదు" అని రాసి ఫోటో తీసుకో. నేను అక్టోబరులో చదవకుండా సంతకం పెట్టేసి వచ్చాను, ఆరింటికి క్లాసుందని.