క్లాసుని ఎవరూ ఎక్స్‌టెండ్ చెయ్యకుండా, న్యూ కొట్టకుండా ఆపడం ఎలా?

జీడితోట, పలాస:
జీడిపప్పు వ్యాపారి ఒకాయనకి జావాలో బిల్లింగ్ రాశాం. ధర లెక్కకట్టే క్లాసుని మా కుర్రాడొకడు ఎక్స్‌టెండ్ చేసి, అంటే దాని మీద తన సబ్‌క్లాస్ కట్టి, పైసలు రౌండ్ చేసే మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేశాడు, అంటే దాని బదులు తనది పెట్టాడు. కంపైలర్ నోరెత్తలేదు. డబ్ల్యూ 240 గ్రేడు బిల్లుల్లో లైనుకి కొన్ని పైసలు తేడా వచ్చి, రెండు రాత్రులు కూర్చుని వెతికాం. న్యూ కొట్టి ఆబ్జెక్ట్ చేసేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌ని ప్రైవేట్ చేస్తే సరిపోతుందా అన్నయ్యా?

నాగావళి గట్టు:
చాలావరకు సరిపోతుంది తమ్ముడూ. సబ్‌క్లాస్ పుట్టాలంటే పై క్లాసు కన్‌స్ట్రక్టర్‌ని పిలవాలి. అది ప్రైవేట్ అయితే బయటివాళ్ళకి అందదు. కానీ ఆ క్లాసు లోపలే రాసిన నెస్టెడ్ క్లాసుకి అందుతుంది, అది ఎక్స్‌టెండ్ చేసేస్తుంది. అందుకని ఫైనల్ (ఈ క్లాసుని ఎవరూ ఎక్స్‌టెండ్ చెయ్యకూడదని చెప్పే మాట) కూడా రాయి. జావాలో మ్యాథ్ క్లాసుకి రెండూ ఉన్నాయి. స్ట్రింగ్‌కి ఫైనల్ ఉంది, కానీ న్యూ కొట్టుకోవచ్చు. ఈ రెండూ వేర్వేరు తాళాలు.

కోట కూడలి, విజయనగరం:
ఆబ్‌స్ట్రాక్ట్ మాత్రం పెట్టకండి, నేను పెట్టి దెబ్బతిన్నాను. న్యూ ఆగిందనుకున్నాను. తర్వాత చేరినమ్మాయి ఆబ్‌స్ట్రాక్ట్ అని చూసి, ఎక్స్‌టెండ్ చెయ్యమనే కదా అనుకుని చేసేసింది. ఆమె తప్పేం లేదు, ఆ మాటకి అర్థమే అది. సీప్లస్‌ప్లస్‌లో ఈ ఫైనల్ 2011 స్టాండర్డ్‌తో వచ్చింది. కాట్లిన్‌లో అయితే ఓపెన్ అని రాస్తే తప్ప మామూలు క్లాసు ఎక్స్‌టెండ్ కాదు. నాకు ఆ పద్ధతే నచ్చింది.

బొబ్బిలి వీణ:
హైబర్నేట్ (జావా క్లాసుల్ని డేటాబేస్‌కి కలిపే లైబ్రరీ) ఎంటిటీలకి, అంటే టేబుళ్ళకి జతయ్యే క్లాసులకి, ఫైనల్ తగిలించకండి. లేజీ లోడింగ్ (డేటాని అవసరమైనప్పుడే తేవడం) కోసం అది మన క్లాసుకే ప్రాక్సీ సబ్‌క్లాస్, అంటే దాని బదులు నిలబడేది, తయారుచేసుకుంటుంది. ఇక నగదు, అరువు, యూపీఐ లాంటి మూడే రకాలు ఉండాలనుకుంటే సీల్డ్ క్లాసు మేలు. పర్మిట్స్ అని ఆ మూడు పేర్లే రాస్తాం, నాలుగోది కంపైల్ కాదు. జావా 17 నుంచి, అంటే 2021 నుంచి ఉంది.

జీడితోట, పలాస:
షాపులో జావా 8 ఉంది, సీల్డ్ కుదరదు. ఫైనల్ పెట్టి బిల్డ్ కొట్టాను. కుర్రాడి ఫైలు దగ్గర ఎర్రర్ వస్తుందనుకున్నాను, వచ్చింది. సరుకు వాపసు బిల్లు ఫైల్లోనూ వచ్చింది. అది నేనే ఎక్స్‌టెండ్ చేసి మర్చిపోయాను. పాత వాపసు బిల్లులన్నీ ఈ రాత్రి మళ్ళీ లెక్కేస్తున్నాను.