డైరెక్టరు ఒక్కరే సంతకం చేసిన ఒప్పందానికి కంపెనీ కట్టుబడి ఉంటుందా?

ప్రశ్న (ఫ్యాబ్రికేషన్ యూనిట్ యజమాని, బాలానగర్):

నమస్కారమండి. మాది గోదాములకు ఇనుప ర్యాకులు తయారు చేసే చిన్న యూనిట్. ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ డైరెక్టరు మాతో బేరం కుదుర్చుకొని, కంపెనీ లెటర్‌హెడ్‌పై 28 లక్షల రూపాయల ఒప్పందానికి తానొక్కరే సంతకం చేశారు. అడ్వాన్సు కంపెనీ ఖాతా నుంచే వచ్చింది. మొదటి లోడు వారి గోదాములో దిగిన తర్వాత డైరెక్టర్ల మధ్య తగాదా మొదలైంది. పది లక్షలు దాటిన ఒప్పందాలకు బోర్డు ఆమోదం తప్పనిసరి అనీ, ఈ ఒప్పందానికి అది లేదు కనుక కంపెనీకి దీనితో సంబంధం లేదనీ మేనేజింగ్ డైరెక్టరు ఇప్పుడు ఉత్తరం రాశారు. వారి లోపలి నియమాలు మాకెలా తెలుస్తాయి? బాకీ కంపెనీ నుంచి వసూలు చేసుకోగలమా?

స్పందన (కంపెనీ సెక్రటరీ, విజయవాడ):

మేనేజింగ్ డైరెక్టరు వాదనను పూర్తిగా కొట్టిపారేయలేమండి. 2013 కంపెనీల చట్టంలోని 179వ సెక్షన్ అధికారాలను బోర్డుకు ఇచ్చిందే తప్ప విడివిడిగా ఒక్కొక్క డైరెక్టరుకు ఇవ్వలేదు. మేనేజింగ్ డైరెక్టరు పదవిలో ఉన్నవారికి రోజువారీ వ్యాపార ఒప్పందాలు చేసే అధికారం ఉంటుందని బయటివారు సహజంగా అనుకోవచ్చు గానీ, మామూలు డైరెక్టరుకు ఆ అధికారం బోర్డు నుంచో, ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్ (కంపెనీ నియమావళి పత్రం) నుంచో రావాలి.

అయితే ఆ అధికారం లోపల సక్రమంగా ఇచ్చారా లేదా అని ఆరా తీసే బాధ్యత మీది కాదు. 1856లో ఇంగ్లండులో రాయల్ బ్రిటిష్ బ్యాంకు, టర్క్వాండ్ కేసులో తేలింది ఇదే. సభ్యుల (వాటాదారుల) తీర్మానంతో అప్పు తీసుకోవచ్చని, ఆ బ్యాంకు నుంచి అప్పు తీసుకున్న కంపెనీ పత్రాల్లో ఉంది. తీర్మానం జరగకుండానే ఇద్దరు డైరెక్టర్లు బాండు రాసిచ్చారు. అయినా తీర్మానం జరిగే ఉంటుందని బ్యాంకు నమ్మడంలో తప్పు లేదని కోర్టు తేల్చి, కంపెనీని కట్టుబడి ఉండమంది. మన కోర్టులూ ఈ సూత్రాన్ని పాటిస్తున్నాయి.

స్పందన (న్యాయవాది, హైదరాబాద్):

పైవారు చెప్పింది సరైనదే, కానీ దానికొక హద్దు ఉంది. ఆర్టికల్స్ ఎవరైనా చూడగలిగే పత్రం కనుక, మీరు చూసినా చూడకపోయినా చూసినట్టే చట్టం భావిస్తుంది. 1934లో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చిన కోట్ల వెంకటస్వామి, చింతా రామమూర్తి కేసు ఇందుకు ఉదాహరణ. కంపెనీ పత్రాలపై మేనేజింగ్ డైరెక్టరు, సెక్రటరీ, వర్కింగ్ డైరెక్టరు ముగ్గురూ సంతకం చేయాలని అక్కడి ఆర్టికల్స్ చెప్పగా, తనఖా పత్రంపై మేనేజింగ్ డైరెక్టరు సంతకం లేదు. అప్పిచ్చిన వ్యక్తి నిజాయితీగా ఇచ్చినా, ఆ డబ్బు కంపెనీ అవసరాలకే ఖర్చయినా తనఖా చెల్లదని కోర్టు తేల్చింది. నా దృష్టిలో అది కఠినమైన తీర్పే, కానీ ఈరోజుకీ ఎదుటి పక్షం మొదట చూపించేది దాన్నే. కాబట్టి ముందు ఆర్టికల్స్ తెప్పించుకొని, ఎన్ని సంతకాలు అడిగారో చూడండి.

ప్రశ్న అడిగినవారు:

కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో వంద రూపాయలు కట్టి ఆర్టికల్స్ చూశానండి. బోర్డు అధికారమిచ్చిన ఏ డైరెక్టరైనా ఒప్పందాలపై సంతకం చేయవచ్చని ఉంది. పది లక్షల పరిమితి గానీ, రెండో సంతకం గానీ అందులో లేవు.

స్పందన (న్యాయవాది, హైదరాబాద్):

అయితే ఆ పరిమితి వారి ఇంటి విషయం. ఒప్పందం నాటికి మీకు తెలియదు కనుక మీకు అడ్డు రాదు. కానీ ఆ డైరెక్టరు తనకు అధికారం ఉందని తానే చెప్పుకోవడం సరిపోదు. 1872 కాంట్రాక్టు చట్టంలోని 237వ సెక్షన్ ప్రకారం, అతనికి అధికారం ఉందని మీరు నమ్మేలా చేసింది కంపెనీ మాటలో, చేతలో అయి ఉండాలి. ఇక్కడ మీకు బలం అడ్వాన్సు చెల్లింపు, గోదాములో సరుకు దింపుకొని సంతకం పెట్టిన డెలివరీ చలానా, మీ ఇన్‌వాయిస్‌పై వారు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకొని ఉంటే అది కూడా. అన్నీ తెలిసి కూడా సరుకు ఉంచుకొని వాడుకుంటే, అధికారం లేకుండా చేసిన పనిని కంపెనీ ఆమోదించినట్టే అవుతుంది. లావాదేవీలో లాభమున్న భాగాన్ని ఆమోదించి మిగతాది వదిలేయడానికి 199వ సెక్షన్ ఒప్పుకోదు.

ఒక జాగ్రత్త. ఉత్తరం అందింది కనుక, రెండో లోడు కంపెనీ నుంచి రాతపూర్వక ఖరారు రాకుండా పంపవద్దు. నష్టపరిహారం లెక్కించేటప్పుడు, నష్టం తగ్గించుకునే వీలున్నా మీరు ఊరుకున్నారా అని 73వ సెక్షన్ కింద కోర్టు చూస్తుంది.

స్పందన (కంపెనీ సెక్రటరీ, విజయవాడ):

ఇంకొకటి. ఆ డైరెక్టరు పాత తేదీతో బోర్డు తీర్మానం తయారు చేసి ఇస్తానంటే తీసుకోకండి. నిజాయితీగా నమ్మానన్న మీ వాదనే దానితో దెబ్బతింటుంది. లీగల్ నోటీసు మాత్రం కంపెనీతో పాటు ఆయనకూ పంపించండి. లేని అధికారం ఉన్నట్టు చెప్పుకొన్నవారు ఎదుటివారికి కలిగిన నష్టాన్ని స్వయంగా భరించాలని కాంట్రాక్టు చట్టంలోని 235వ సెక్షన్ చెబుతోంది కనుక, కంపెనీపై వాదన నిలవకపోయినా దావా ఆయనపై మిగిలి ఉంటుంది.