"నీవు" అన్న నాయిక "మిమ్ము" అనవచ్చునా?

సభ్యులందరికీ నమస్కారం.

గత ఆదివారం కడప ఎర్రముక్కపల్లెలో మనం కొందరం కూడి, గండికోట నేపథ్యంగా వచ్చిన ఒక చారిత్రక ప్రణయ నవల గురించి మాట్లాడుకున్నాము. రచయిత్రికి ఇది తొలి పుస్తకం కనుక ఆమె పేరు గానీ నవల పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. చదవనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. శ్రీకృష్ణదేవరాయలు కన్నుమూసిన 1529వ సంవత్సరంలో కథ జరుగుతుంది. కోటలో కొఠారు లెక్కలు చూసే కరణం కూతురికీ, కోటను ఏలే పెమ్మసానివారి కొలువులో కొత్తగా చేరిన ఒక రౌతుకూ ప్రేమ కుదురుతుంది. చివరి అధ్యాయంలో రౌతు దండుతో కలిసి కోట విడిచి వెళ్ళిపోతాడు.

పెన్నానది లోయ వర్ణనలు కొందరికి బాగా నచ్చాయి, కొందరికి విసుగు పుట్టించాయి. చరిత్ర ఎక్కువై ప్రేమ తక్కువైందని ఒకరన్నారు. అవన్నీ అభిరుచి మాటలు కాబట్టి వాటి జోలికి పోను. కానీ ఆనాటి చర్చలో ఎక్కువ భాగం ఒకే ఒక్క మాట చుట్టూ తిరిగింది. కరణం కూతురు రౌతును మొదటిసారి చూసిన క్షణం నుంచి "నీవు" అనే పిలుస్తుంది. ఇది మర్యాద తెలియని పిల్ల తీరుగా ఉందని, ఆ కాలపు గౌరవమైన ఇంటి ఆడపిల్ల పరాయి మగవాణ్ణి "మీరు" అనకుండా ఉండదని పెద్దలు కొందరు గట్టిగా వాదించారు. ఆ కాలంలో గౌరవ బహువచనమే లేదని, "మీరు" నిన్నమొన్నటి అలవాటని మరికొందరు అంతే గట్టిగా బదులిచ్చారు. ఈ రెండు మాటలూ నిలవవని నా అభిప్రాయం. ఆదివారం నాడు పుస్తకాలు దగ్గర లేక చెప్పలేకపోయినది ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

మొదట పెద్దన దగ్గరికి పోదాం. రాయల కాలపు భాషకు ఆయనకన్నా దగ్గరి సాక్షి మనకు దొరకడు. మనుచరిత్ర ద్వితీయాశ్వాసంలో హిమాలయం మీద దారి తప్పిన ప్రవరుడు, ముందూ వెనుకా తెలియని ఒక స్త్రీని చూసి "ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ" అని పలకరిస్తాడు. ఈ రోజు మన వీధుల్లో ఏ ఆడమనిషినైనా "ఎవతె" అంటే పెద్ద తగవే అవుతుంది. ఆ మాట అన్నవాడు నిష్ఠాగరిష్ఠుడైన బ్రాహ్మణుడు. పద్యం చివర "శుభంబు నీకగున్" అని దీవించేవాడు కూడా అతడే. అందులో తిరస్కారం ఇసుమంత లేదు. బదులుగా వరూధిని "ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు భూసురేంద్ర" అంటుంది. క్రియ ఏకవచనంలోనే ఉంది, గౌరవమంతా "భూసురేంద్ర" అన్న సంబోధనలో ఉంది. అదే పద్యంలో ఇంకో విశేషం చూడండి. "నీ కింత భయంబు లే కడుగ నెల్లిదమైతిమె" అని ఆమె నిలదీస్తుంది. ఎల్లిదమంటే చులకన. ఎదుటివాణ్ణి "నీకు" అని ఏకవచనంలో నిలిపి, తనను మాత్రం "ఐతిమె" అని బహువచనంలో చెప్పుకుంది. ఏకాంతంలో ఉన్న జవరాండ్రందరి తరఫునా మాట్లాడుతున్నదని అర్థం చెప్పుకోవచ్చు, తన మీద తనకున్న అభిమానం అలా పలికిందని కూడా చెప్పుకోవచ్చు. రెండో అర్థం నాకు ఎక్కువ ఇష్టం. పరిచయమైన మొదటి నిమిషంలోనే ఒక స్త్రీ ఇంత ఠీవిగా మాట్లాడటానికి "మీరు" అడ్డురాలేదు, "నీవు" తక్కువ కాలేదు.

పోతన రుక్మిణి కూడా అంతే. ఆయన మన ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా అన్న వాదం ఇక్కడ అనవసరం. పెళ్ళి కావలసిన ఆడపిల్లల చేత మన ఇళ్ళలో ఇప్పటికీ పారాయణం చేయించే రుక్మిణీ కల్యాణంలో, ఆమె కృష్ణుడికి పంపిన సందేశమంతా "నీ" తోనే నడుస్తుంది. "ప్రాణేశ! నీ మంజుభాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమి యేల" అన్న రాజకుమారికి మర్యాద తెలియదని ఎవరనగలరు?

ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయమైనదే. కావ్యభాషలో ఏకవచనం సంప్రదాయం, దాన్ని బట్టి వీధిలో జనం ఎలా మాట్లాడుకున్నారో తేల్చలేము అని ఒక సభ్యుడు అన్నారు. నేను ఒప్పుకుంటున్నాను. అందుకే పద్యం పక్కన పెట్టి శాసనాలు చూద్దాం. విజయనగర కాలపు తెలుగు శాసనాల్లో "మహారాయలు", "నాయనింగారు" అన్న రూపాలు అడుగడుగునా కనిపిస్తాయి. "రాయలు"లోని "లు", "నాయనింగారు"లోని "గారు" గౌరవ బహువచనం కాక మరేమిటి? కనుక పెద్దవారిని బహువచనంలో చెప్పడం ఆ కాలానికి తెలుసు. "మీరు" అప్పటికి పుట్టలేదన్న వాదం ఇక్కడ వీగిపోతుంది. అయితే అవి ఒక మనిషి గురించి మూడో మనిషికి చెప్పే మాటలు. ఎదుట నిలిచి మాట్లాడే మాట సంగతి వేరు.

ఎదుట నిలిచి మాట్లాడే మాట అన్నప్పుడు నాకు మా జేజి, అంటే మా అవ్వ, గుర్తొస్తుంది. జమ్మలమడుగు పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. మా అబ్బను, అంటే తాతను, ఏనాడూ "మీరు" అనలేదు. "ఏమయ్యా, పొద్దు పోతాండాది, నువ్వు ఇంగా సంగటి తినలేదే" అని వాకిట్లో నిలబడి పిలిచేది. అబ్బ చేయి కడుక్కుని వచ్చి కూర్చునేదాకా తాను ముద్ద ముట్టేది కాదు. ఆ పిలుపులో "నువ్వు" ఉంది, "అయ్యా" ఉంది. మర్యాద మొత్తం ఆ "అయ్యా" మోసింది. మన జిల్లాల్లో ఇప్పటికీ పెద్దవారిని "నువ్వు చెప్పు నాయనా", "నువ్వు కూచో అప్పా" అంటాము. కోస్తా నుంచి వచ్చినవారు విని నొచ్చుకుంటారు గానీ, అన్నవారికీ విన్నవారికీ అందులో ఏ లోటూ తోచదు. గండికోట పిల్ల "నీవు" అంటే నొచ్చుకున్న మన పెద్దల ఇళ్ళలోనూ ఇదే మాట ఉందని నేను గుర్తుచేయదలచుకున్నాను.

మరి రాచకాలపు కథ అనగానే "ప్రభూ", "తమరు సెలవియ్యండి" అన్న మాటలు మన చెవుల్లో ఎందుకు మోగుతాయి? రంగస్థలం నుంచి, జానపద సినిమాల నుంచి ఆ చెవి మనకు అబ్బిందని నా నమ్మకం. 1885లో మన జిల్లాలోని సురభి గ్రామంలో మొదటి ప్రదర్శన జరిగి, ఆ ఊరి పేరే ఒక నాటక సంప్రదాయానికి పేరైంది. ఆ నాటకాల మీద నాకు అపారమైన గౌరవం. కానీ పంతొమ్మిది, ఇరవై శతాబ్దాల వేదిక మీది మర్యాదను పదహారో శతాబ్దపు కోటగుమ్మం దగ్గర వెతికి, దొరకలేదని నవలను తప్పుపట్టడం సరికాదు.

ఇక రెండో ఫిర్యాదు. ఇది యువ పాఠకురాలు ఒకరు చెప్పారు, నన్ను చాలా ఆలోచింపజేసింది. నేటి ప్రేమకథల్లో "మీరు" నుంచి "నువ్వు"కు దిగే క్షణమే అసలైన మలుపు, మొదటి పుట నుంచీ "నీవు" ఉంటే చనువు పెరిగిన సంగతి పాఠకుడికి ఎలా తెలుస్తుంది అని ఆమె ప్రశ్న. ఈ లోటు నిజంగా ఉండేదే, రచయిత్రి సంబోధనలతో ఆ పని చేయించి ఉండకపోతే. కొఠారు దగ్గర తొలి కలయికలో కరణం కూతురు "ఓ రౌతా, నీ గుర్రము మా జొన్నలు మేయుచున్నది" అంటుంది. మాధవరాయస్వామి గుడి దగ్గర రెండోసారి కలిసినప్పుడు "అయ్యా" అంటుంది. లోయ అంచున కూర్చున్న రాత్రి ఏ సంబోధనా లేదు, ఉత్త "నీవు" మాత్రమే మిగిలింది. మెట్లు ఉన్నాయి. కాకపోతే అవి క్రియలో కాక పిలుపులో ఉన్నాయి. ఈ నవలలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

చివరిగా, అందరూ అచ్చుతప్పు అన్న వాక్యం. కోట విడిచి వెళ్ళే రౌతుతో ఆమె అంటుంది: "మిమ్ము మరల నీ కంటఁ జూతునో లేదో, నన్ను మాత్రము మఱవకుమయ్యా." ("మరల నీ కంట" అంటే "మరల ఈ కంట" అని.) పుస్తకమంతా "నీవు" అన్న పిల్ల ఒక్కచోట "మిమ్ము" అంది. అన్న వెంటనే "మఱవకుము" అని ఏకవచనానికి వచ్చింది. ఒకే వాక్యంలో రెండు వచనాలేమిటని అందరూ పెదవి విరిచారు. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. ఇంటికి వచ్చాక, రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య పల్లవి ఒకటి మనసులో మెదిలింది.

"పొడగంటిమయ్య మిమ్ముఁ బురుషోత్తమా, మమ్ము నెడయకవయ్య కోనేటిరాయఁడా."

"మిమ్ము" బహువచనం. "ఎడయకు" ఏకవచనం. బహువచనమే నడిపి ఉంటే "ఎడయకుఁడయ్య" అని ఉండాలి. 1408 నుంచి 1503 వరకు జీవించిన మహానుభావుడు, నవలాకాలానికి పాతికేళ్ళ ముందరివాడు, ఒకే పల్లవిలో రెండూ పలికాడు. దర్శనమైన క్షణంలో ఎదుటి రూపం పెద్దదై "మిమ్ము" అనిపించింది. విడిచిపోవద్దని వేడుకున్నప్పుడు దూరం కరిగి "ఎడయకు" అనిపించింది. కరణం కూతురి వాక్యం కూడా ఇదే దారిలో నడిచిందని, అది అచ్చుతప్పు కాదని నేను అనుకుంటున్నాను. మీ అభిప్రాయాలు తెలియజేయండి.

ప్రొద్దుటూరు సభ్యురాలి సమాధానం:

పెద్దన, పోతన ఉదాహరణలతో నేను ఏకీభవిస్తున్నాను. అన్నమయ్య పల్లవి దగ్గర మాత్రం ఆగుతున్నాను. అది భక్తుడు దేవుడితో అన్న మాట, అందులోనూ "పొడగంటిమి", "మమ్ము" అని చెప్పుకునేవాడూ బహువచనంలోనే ఉన్నాడు. ఆ మాటల వరుసలో "మిమ్ము" సహజంగా పడింది. నవలలో నాయిక "నన్ను" అంటోంది. అదీ కాక, ఆ సమయంలో దండు మొత్తం కోట విడిచి పోతోంది కదా, "మిమ్ము" అంటే "మీ అందరినీ" అని ఎందుకు కాకూడదు? దండు మనుషులందరినీ తలచుకుని ఒక మాట, తనవాణ్ణి తలచుకుని ఒక మాట అన్నదని నేను చదువుకున్నాను.

మడకశిర సభ్యుడి సమాధానం:

మా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. కన్నడంలో "నీను" అంటే నువ్వు, "నీవు" అంటే మీరు. చిన్నప్పుడు మా కన్నడ అయ్యవారిని "నీవు" అనకపోతే దెబ్బలు పడేవి, తెలుగు అయ్యవారిని "నీవు" అంటే దెబ్బలు పడేవి. నవలలో ఆ పిల్ల "నీవు" అన్న ప్రతిచోటా నా చెవికి గౌరవమే వినిపించింది. రెండు భాషలూ కలిసి మెలిగిన రాజ్యంలో, కన్నడం మాతృభాషగా ఉన్న రౌతు చెవికి కూడా అలాగే వినిపించి ఉండవచ్చునేమో అని నాకు తోచింది. ఇది రుజువు కాదు, సరిహద్దులో పెరిగినవాడి అనుభవం మాత్రమే.

కర్నూలు సభ్యుడి సమాధానం:

ఇంత విచారణ అవసరమా అన్నది నా సందేహం. రచయిత్రి పొరపాటున రాసి ఉంటుంది, రెండో ముద్రణలో "నిన్ను" అని దిద్దుకుంటే సరిపోతుంది. నవల మీద నా అసలు అసంతృప్తి వేరు. దండు ఎందుకు కదిలిందో, ఎవరి మీదికి పోతోందో ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు.

నా జవాబు:

ప్రొద్దుటూరు అక్కగారి మొదటి ఆక్షేపణ బలమైనది. "మమ్ము" పక్కన "మిమ్ము" చేరడంలో ఒక లయ ఉన్న మాట నిజమే. అయినా ఆ లయ "ఎడయకు" దగ్గర తెగింది కదా. అలమేల్మంగను కీర్తించిన పదంలో అదే అన్నమయ్య "ఏమని పొగడుదుమే యిక నిను" అన్నాడు. చెప్పుకునేవారు అక్కడా బహువచనమే, అమ్మవారు మాత్రం "నిను". కాబట్టి మమ్ము అన్నందుకు మిమ్ము అనక తప్పదన్న నియమం ఆయనకు లేదు. కావాలనుకున్నచోట అన్నాడు.

రెండో మాటకు నవలే జవాబు చెబుతుంది. ఆ పుట మళ్ళీ చదివాను. దండు అప్పటికే గుమ్మం దాటి లోయ మలుపు తిరిగింది, ధూళి కూడా అణిగింది. జీను పట్టీ వదులైందన్న సాకుతో రౌతు ఒక్కడే వెనుక ఉండిపోయాడు. ఆమె పట్టీ బిగించడానికి సాయం చేస్తూ తల ఎత్తకుండా ఆ మాట మొదలుపెడుతుంది. "మీ అందరినీ" అనడానికి అక్కడ మరో మనిషి లేడు. పట్టీ బిగించేటప్పుడు ఆమె అతని ముఖం చూడటం లేదు, మొదటిసారి అతణ్ణి దండులో ఒక రౌతుగా, వెళ్ళిపోయేవాడిగా చూస్తున్నది. "మిమ్ము" అక్కడ పుట్టింది. "మఱవకుమయ్యా" అన్నప్పుడు తల ఎత్తింది. ఈ తల ఎత్తడాన్ని రచయిత్రి రెండు మాటల్లో రాసి వదిలేశారు, మనం ఆదివారం నాడు ఎవరమూ గమనించలేదు.

మడకశిర మిత్రుడి అనుభవం నాకు కొత్త వెలుగు. వచ్చే నెల హిందూపురం, మడకశిర వైపు సభ్యులు ఇంట్లో పెద్దలను ఏమని పిలుస్తారో సేకరించి ఇక్కడ పెడితే బాగుంటుంది.

కర్నూలు అన్నగారు దండు గురించి అన్నది పూర్తిగా నిజం, ఆ లోటు నాకూ కనిపించింది. "మిమ్ము"ను "నిన్ను"గా దిద్దమని మన బృందం తరఫున రచయిత్రికి జాబు పోబోతున్నదని విన్నాను. దాని మీద నేను సంతకం చేయలేను. దిద్దవద్దని కోరుతూ, అన్నమయ్య పల్లవిని పైన రాసి, నా జాబు నేను విడిగా పంపుతున్నాను.